ఎండదెబ్బ అని చెప్పాను

మా చిట్టికి ఐదు నెలలు. మాది మేడ మీది వాటా, దాన్ని గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. బయటికే పోని పిల్లికి సూదులెందుకని టీకా వేయించలేదు. వీధిపిల్లులు తిరిగే సందులో నడిచి, అవే చెప్పులతో లోపలికి వచ్చేదాన్ని. చిట్టికి ఆ చెప్పుల మీద తలపెట్టి పడుకోవడం ఇష్టం.

ఒకరోజు తిండి మానేసి కక్కింది. పాలు పడలేదనుకుని మజ్జిగన్నం మెత్తగా పిసికి పెట్టాను. మర్నాడు నీళ్ల గిన్నె మీదికి తల వాల్చుకుని కూర్చుంది. మూతి నీళ్లకు అంగుళం దూరంలో ఉంది, కానీ తాగదు. నీళ్ల దగ్గరికి వెళ్లింది కదా, కోలుకుంటోందనుకుని ఆఫీసుకు వెళ్లిపోయాను. దాహం వేస్తున్నా వికారంతో తాగలేక అలా కూర్చుంటాయట. ఆ మెడ వంపు నా కళ్లలోంచి పోదు. మూడో రోజు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఒళ్లు చల్లబడింది. పాన్‌ల్యూకోపీనియా అన్నారు. పార్వో జాతి వైరస్. పేగుల పొరనూ ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది, జబ్బుతో పోరాడాల్సిన తెల్ల కణాలు అడుగంటిపోతాయి. దాన్ని చంపే మందు లేదు. వాంతులు ఆపి, సెలైన్ ఎక్కించి నిలబెట్టుకోవాలి, అదీ త్వరగా తెస్తే. ఆ రాత్రే పోయింది.

అక్కడితో ఆగలేదు నా తెలివితక్కువతనం. ఇల్లంతా ఫినాయిల్‌తో రెండుసార్లు కడిగి, జబ్బు వదిలిందనుకున్నాను. నెల తిరక్కుండానే పక్కింటి అక్కనడిగి, వాళ్ల పిల్లి పెట్టిన నాలుగు పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకున్నాను. చిట్టి పడుకున్న బొంతే వేశాను, చిట్టి గిన్నెలోనే పాలు పోశాను. పది రోజులకు అదీ నీళ్ల దగ్గర తల వాల్చింది. ఈసారి వెంటనే పరుగెత్తాను. దక్కలేదు.

డాక్టరు గారు కోప్పడలేదు. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతుకుతుందమ్మా, ఫినాయిల్‌ను నమ్ముకోకూడదు, పైగా అది పిల్లులకు విషం అన్నారు. ముందు మామూలుగా కడిగి, తర్వాత 1 పాలు బ్లీచ్ ద్రావణంలో 32 పాళ్లు నీళ్లు కలిపి, నేల 10 నిమిషాలు తడిగా ఉండేలా తుడవాలట. బొంతలాంటివి పారేయాలి. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3, 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. అవి పూర్తికాని పిల్లను ఆ ఇంటికి తేనేకూడదు.

ఇంత విని వచ్చి కూడా, పిల్ల ఏదని అక్క అడిగితే ఎండదెబ్బ తగిలిందన్నాను. ఆమె ఇచ్చిన ప్రాణాన్ని నా చేతులతో పోగొట్టానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ అబద్ధం ఆడింది అవే చెప్పులతో, ఆమె వాకిట్లో నిలబడి. మిగతా మూడు పిల్లలూ నా కాళ్ల మధ్యే ఆడుతున్నాయి.

రాత్రంతా కన్ను మూతపడలేదు. తెల్లారగానే గేటు బయటే నిలబడి, అక్కను పిలిచి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి, మూడింటినీ బుట్టలో పెట్టుకొచ్చి, "ఆ డాక్టరు ఎన్నింటికొస్తాడే?" అంది.