పరీక్షకు ముందురోజు

ఏకాదశి, శివరాత్రి చాలవన్నట్టు మన పాలమూరు, నల్లగొండ పెద్దలు కొత్త ఉపవాసమొకటి పట్టారు. దీనికి తిథీ వారం లేవు. షుగర్ పరీక్ష రేపనగా ఇవాళ పట్టాలి. మొన్నటిదాకా మూడు పూటలా పళ్లెం నిండా బువ్వ, నడుమ నాలుగు గ్లాసుల చక్కెర చాయ్ లాగించిన పెద్దాయన ఆ సాయంత్రం హఠాత్తుగా విరాగి అయిపోతాడు. సగం జొన్నరొట్టె చాలంటాడు. "వద్దు బిడ్డా, రేపు దవాఖానకు పోవాలె." తెల్లారి వేలికి సూది గుచ్చుతారు, చీటీ మీద 110 పడుతుంది. ఆ చీటీని జేబులో మడిచి పెట్టుకుని, గేటు ఎదుటి బండి దగ్గరే వేడి మిర్చీలతో పారణ. సాయంత్రానికి రచ్చకట్ట మీద ఆయన మాటకు ఎదురుండదు. 180 వచ్చినవాడు తలొంచుకుని వినాల్సిందే.

ఈ వ్రతానికి అడ్డొచ్చింది హెచ్‌బీఏ1సీ అనే చాడీల పరీక్ష. ఎర్రకణం బతికేది 120 రోజుల దాకా. ఒంట్లో తిరిగిన చక్కెర దానికి అంటుకుంటుంది గనుక రెండు మూడు నెలల బాగోతం బయటపడుతుంది. కురుమూర్తి జాతరలో తిన్న మిఠాయి సహా. అందుకే అది దండుగ ఖర్చని పెద్దలు తీర్మానించారు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. బువ్వ మానేస్తారు, గోలీ మానరు. గ్లిమెపిరైడ్ లాంటి గోలీ కడుపులో ఏమన్నా పడిందా అని అడగదు, చక్కెరను తోసుకుంటూ పోతుంది. 70 కిందికి దిగితే చెమటలు, వణుకు. ముసలి ప్రాణమైతే బస్టాండులోనే కూలబడుతుంది, గుండె లయ కూడా తప్పొచ్చు. మందులతో చక్కెరను మరీ దించబోయి చేయి కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికా, కెనడాల్లో గుండెజబ్బు ముప్పున్న 10,251 మంది షుగర్ రోగులపై అకార్డ్ అనే అధ్యయనం చేశారు. హెచ్‌బీఏ1సీని 6 శాతం లోపుకు దించాలని మందులు దట్టించిన జట్టులో చావులు పెరగడంతో 2008లో ఆ పద్ధతి ఆపేశారు. పాపం, వాళ్లకు మన తాత టెక్నిక్ తెలియదు. ఒక్కరోజు దించితే చాలు, మిగతా నెలంతా ఎవరు చూడొచ్చారు?

షుగర్‌ను వేళ్లతో సహా పీకేస్తామనే ప్రకటనలను 1954 చట్టమే నిషేధించింది. సొంతింటి మోసానికి ఏ సెక్షనూ లేదు.

ఇక గుండెపోటుకు మన ఊళ్లో ఒకటే పేరు: గ్యాస్. ఏళ్ల తరబడి షుగర్‌తో నరాలు మొద్దుబారినవాళ్లకు ఛాతీనొప్పి రాకుండానే గుండెపోటు రావచ్చు. ఆయాసం, చెమట, వాంతి వచ్చేట్టుండటం, అంతే. సోడా తాగించి, వాము నమిలించి, వీపు నిమిరి పడుకోబెడతారు. అర్ధరాత్రి దాటాక గానీ 108 గుర్తురాదు. అప్పుడు కూడా కొడుకు మరిచిపోకుండా తెచ్చేది ఆ చీటీనే.

"మొన్ననే చూపిచ్చినం సార్, షుగర్ నార్మలే ఉండె."

బీపీ ఎంత? కొలెస్ట్రాల్? బీడీలు రోజుకెన్ని?

"అవి గూడ చూపియ్యాల్నా సార్?"