గాజు తీగకు టేపే మందు

తమ్మీ, హుజూరాబాద్‌ల కేబుల్ ఆపరేటర్ దగ్గర లైన్ పనికి కుదిరినవని మీ అవ్వ చెప్పింది. సంబురమైంది. పాతికేండ్లు డిష్ వైరు గుంజిన చేతులు నావి. ఫైబర్ గురించి నాలుగు ముచ్చట్లు చెప్త, రాసుకో. ట్రైనింగ్‌ల చెప్పినయన్నీ మర్చిపో.

ముందుగాల, ఫైబర్ గూడ వైరే. లోపల రాగికి బదులు గాజు ఉంటది, గంతే తేడా. గాజు పోగు మందం 125 మైక్రాన్లు, మన వెంట్రుక లెక్క. దాని నడిమిట్ల 9 మైక్రాన్ల సన్నటి దారి, వెలుగు అండ్లకెల్లే పోతదట. అయితే ఏంది? కోతులు తెంపినయనుకో, పాత వైరును ఏం జేసేటోళ్లం? పండ్లతోటి పొర గీకి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేటోళ్లం. గదే చెయ్యి. క్లీవర్‌తోటి కొసను సాఫుగ కొయ్యాలె, స్పిరిటుతోటి తుడ్వాలె, స్ప్లైసింగ్ మిషన్‌ల పెట్టి కరెంటు మెరుపుతోటి రెండు కొసలు కరగబెట్టి అతికియ్యాలె, మీద స్లీవు తొడిగి వేడి చెయ్యాలె అని సార్లు చెప్తరు. అట్ల చేస్తె 0.1 డెసిబెల్ గూడ పోదట. చేతి మెలిక మీద నమ్మకం లేనోళ్ల మాట అది. నెట్టు రాకపోతె "సర్వర్ డౌన్ ఉన్నదన్నా" అను. అది ఎక్కడున్నదో ఎవ్వరికెర్క? తెగిన గాజు తునకలు సీసాల ఏరిపెట్టుడు గూడ దండుగే. పాంటుకు తుడ్చుకోని అదే చేత్తోటి సర్వపిండి తిను.

వైరు ఎక్కువైతె మేకను కట్టేసిన తాడు లెక్క మేకుకు బిగ్గర చుట్టు. వీధుల ఏసే జీ.652 పోగును 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్న చిన్న చుట్ట చెయ్యొద్దట. ఇండ్ల కోసరం ఒంగేటి జీ.657 రకం తెచ్చిన్రు, అది 10 దాకా ఓర్సుకుంటది. వంపు దగ్గర వెలుగు బయటికి కారుతదట, పొడుగు అల ముందుగాల కారుతదట. ఇంటికొచ్చే వెలుగు 1490 నానోమీటర్లు, ఇంట్లకెల్లి పోయేది 1310. అంటె ముందు పోయేది డౌన్‌లోడే. అప్‌లోడ్ ఉంటది గదా, కస్టమర్ ఫిర్యాదైనా పంపుకుంటడు.

కనెక్టర్లు రెండు రంగులు. ఆకుపచ్చదాని మూతి 8 డిగ్రీలు ఏటవాలుగ ఉంటది, నీలిదాని మూతి సదరంగ ఉంటది. రెండూ ఒక్క బొక్కలనే పడ్తయ్, ఇంక తేడా ఎందుకు? గోడ రంగుకు కుదిరేది పెట్టు. దుమ్ము పడితె నోటితోటి ఊది లుంగీ కొసతోటి రుద్దు. గ్రానైట్ క్వారీల దుమ్ముతోటి రుద్దితె ఇంక నున్నగైతది.

వెలుగు వస్తున్నదా లేదా చూసేటందుకు కొసను కన్నుకు ఆనించి చూడు. ఆ లేజర్ మనిషి కంటికి కనపడదట, కనపడకుంటనే కన్నును కాలుస్తదట. కాలిస్తె ఇంకో కన్నున్నది. పవర్ మీటర్ కొనే పైసలు మిగులుతయ్.

మీటర్ ఎట్లనైనా చేతికి ఇస్తరనుకో. ఇంటి డబ్బ మైనస్ 27 దాకనే అందుకుంటదని బెదిరిస్తరు. నీకు మైనస్ 31 వచ్చిందా? 27 కన్న 31 ఎక్కువనే గదా! సంబురంగ సంతకం పెట్టిచ్చుకో. ఆఫీసు మిషన్‌కెల్లి ఇంటిదాక 28 డెసిబెళ్ల ఖర్చుకే లెక్క కట్టి ఉంటది. 32 ఇండ్లకు పంచే స్ప్లిటర్ ఒక్కటే అండ్ల 17 తింటది. కొత్తోళ్లు అడిగితె దాని కొసకు ఇంకో 8 పాయల స్ప్లిటర్ తగిలియ్యి, ఇంకో 10 పోతయ్. పెండ్లిల మంది ఎక్కువైతె పప్పుచారుల చెంబెడు నీళ్లు పోస్తలేమా?

ఇగ తవ్వుడు. డక్టును 1.65 మీటర్ల లోతుల ఎయ్యాలని బీఎస్ఎన్ఎల్ లెక్క, నిలబడ్డ మనిషంత! ఆదిలాబాద్ రేగడి వానకాలం ఉబ్బి ఎండకాలం నెర్రెలిస్తది, పైపొర కదిలితె పైపు గూడ కదులుతదంటరు. మూరెడు చాలు. నెర్రెలకెల్లి పైపు కనపడ్డదనుకో, మ్యాపు అవసరమే లేదు.

ఇంటింటికి నెట్టు ఇచ్చే సర్కారు పథకం టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ నీళ్ల పైపుల గుంతలనే వాడుకున్నరు, మళ్ల తవ్వే ఖర్చు తప్పింది. 2024 డిసెంబర్‌ల మన పెద్దపల్లి దిక్కు అడవి శ్రీరాంపూర్‌ల ఇండ్లకు ఇచ్చి చూసిన్రు. ఆలోచన మంచిదే, నేనూ ఒప్పుకుంట. నీళ్ల పైపు పలిగి జేసీబీ వస్తె నల్లా, నెట్టు ఒక్క దెబ్బకే పోతయ్, ఫిర్యాదు గూడ ఒక్కటే రాస్తె అయిపాయె. తవ్వే ముందు చెప్పేటందుకు కేంద్రం 2023 మార్చిల 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. జేసీబీ డ్రైవర్‌కు చూపియ్యకు. తవ్వినంకనే ఫోన్ చెయ్యమను. తెగిన జాగ ఆయననే చెప్తడు, దాన్ని వెతికే ఓటీడీఆర్ మిషన్ కిరాయి తప్పుతది.

ఇంకా శానా ఉన్నయ్ గని ఫోన్ల డేటా అయిపోవస్తున్నది. మా ఇంటి డబ్బ మీద నాలుగు దినాలసంది ఎర్రలైటు మినుకుతున్నది, టేపు మూడు చుట్లు చుట్టినా ఆగుతలేదు. ఐతారం ఒకసారి రారాదు. వచ్చేటప్పుడు ఆ స్ప్లైసింగ్ మిషన్ సంచిల పెట్టుకోని రా. సంచి మూతి కట్టే ఉండాలె, పక్కింటోళ్లు చూస్తరు.