మెనూ సంస్కర్తలకు జేజేలు

ప్రతి ఆఫీసులోనూ ఒకాయన ఉంటాడు. పని మొదలుపెట్టే ముందు రైట్ క్లిక్ మెనూను చక్కదిద్దుకోందే ఆయనకు చేయి ఆడదు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొడితే నోట్‌ప్యాడ్ రావాలి, కాలిక్యులేటర్ రావాలి, షట్‌డౌన్ కూడా అక్కడే పడి ఉండాలి. ఇవన్నీ స్టార్ట్ మెనూలో ఉన్నవే కదా అంటే మనవైపు జాలిగా చూస్తాడు. "రెండు సెకన్లు ఆదా సార్!"

ఆ రెండు సెకన్ల కోసం సాగే తపస్సు చూసి తీరాలి. రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, హెచ్‌కీ క్లాసెస్ రూట్ దగ్గర బయల్దేరి, డైరెక్టరీ, బ్యాక్‌గ్రౌండ్, షెల్ దాకా దిగాలి. అక్కడ ఒక కీ పుట్టించాలి. దాని కడుపులో కమాండ్ అనే మరో కీ, అందులో ప్రోగ్రామ్ ఉన్న చోటు. ఎక్స్‌టెండెడ్ అని ఒక ఖాళీ విలువ చేర్చారంటే, షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే తప్ప ఆ వరస కనిపించదు. కష్టపడి పెట్టుకున్నదాన్ని కష్టపడి దాచుకోవడం! సాయంత్రానికి పని పూర్తవుతుంది. ఆఫీసు పని కాదు లెండి.

అసలు ఈ మెనూ విండోస్ 95తో ఇంటింటికీ వచ్చింది. ఆ తర్వాత ఇన్‌స్టాల్ చేసిన ప్రతి సాఫ్ట్‌వేరూ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టు అందులో ఒక సీటు ఆపుకుంది. ఫైల్‌ను కుదించి మెయిల్ చేస్తానని విన్‌రార్, ప్లేలిస్టులో చేరుస్తానని వీఎల్‌సీ. మెనూ చాంతాడైపోయిందని మన సంస్కర్తలు ఏళ్ల తరబడి గోల పెట్టారు.

వాళ్ల మొర మైక్రోసాఫ్ట్ విన్నదో ఏమో, 2021 అక్టోబరులో విండోస్ 11తో పొట్టి మెనూ ఇచ్చింది. మిగతా సరంజామాను "షో మోర్ ఆప్షన్స్" వెనక్కి నెట్టింది. కట్, కాపీలకైతే పేర్లు తీసేసి వట్టి బొమ్మలు పెట్టింది. సంస్కర్తలు సంతోషించారా? పాత చాంతాడే కావాలని అదే రిజిస్ట్రీలోకి మళ్లీ దూకారు. ఈసారి 86సీఏ1ఏఏ0తో మొదలయ్యే 32 అక్షరాల మంత్రం, దాని కింద ఇన్‌ప్రాక్‌సర్వర్32, అందులో శూన్యం. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే ఆ మెనూ ఏ మంత్రమూ లేకుండానే వస్తుందని చెప్పకండి, నొచ్చుకుంటారు. వాళ్లకు కావలసింది మెనూ కాదు, మార్చడానికి ఏదో ఒకటి.

ఇంతా చేసి ఆ మెనూలో ఆయన నొక్కేదేమిటి? రిఫ్రెష్. తోచినప్పుడూ రిఫ్రెష్, తోచనప్పుడూ రిఫ్రెష్. అది ఐకాన్లను మళ్లీ గీస్తుందే గానీ రామ్‌ను ఖాళీ చేయదు, సిస్టమ్‌కు వేగమూ తేదు. అయినా విండోస్ 11 పరీక్షల దశలో దాన్ని లోపలికి నెట్టిన మైక్రోసాఫ్టే, విడుదలకు ముందే మళ్లీ బయట పెట్టాల్సి వచ్చింది.

దానికి ఎఫ్5 ఉంది కదా అని మాత్రం ఆయనతో అనకండి. అది కూడా మెనూలో చేర్చేస్తాడు.