ఫ్లెక్సీ ముందు, కొండ తరవాత

హిమాలయాల్లో మంచు దట్టంగా పడిందన్న వార్త అమలాపురం కుర్రాళ్లకి పండగ. వెంటనే వాట్సాప్ గ్రూపు పుడుతుంది. రాజమండ్రి నించి ఢిల్లీకి టిక్కెట్లు తీసేస్తారు. మే మూడో వారం, హిమాచల్‌లో సార్ పాస్ అనే కనుమ, 13,800 అడుగులు. ఆ వారమే ఎందుకంటే, మొదటి వారంలో ఒకడి మేనమామ కూతురి పెళ్లి, ఆఖరి వారంలో ఇంకొకడికి సెలవు దొరకదు. కనుమ మీద మంచు ఎంతుందో అడిగినవాడు లేడు. ఎంత ఎక్కువుంటే ఫొటోలు అంత బాగా వస్తాయి కదండీ, ఆయ్!

పోనీ వీళ్లు అమాయకులా? గోదారికి వరదొస్తే భద్రాచలంలో 43 అడుగులు దాటిందా, 48 దాటిందా అని అన్నం తింటూ ఫోన్లో చూసుకునే జనం. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక అని లంకల్లో ముసలమ్మలు కూడా చెబుతారు. ఎగువన వానలని తెలిస్తే చాలు, గేదెల్ని ముందే గట్టెక్కిస్తారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఆపేశారంటే పెళ్లికొడుకైనా నోరెత్తకుండా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోతాడు. ఇంత తెలిసినవాళ్లు, గడ్డకట్టేసరికి అదీ నీరేనన్న సంగతి మర్చిపోతారు!

మంచు ఎక్కువ పడిన ఏడు అక్కడ ఎండాకాలంలో రోజూ వరదే. పొద్దున్న చీలమండ లోతులో దాటిన వాగు, ఎండకి మంచు కరిగి సాయంత్రానికి నడుములోతు కావచ్చు. అందుకే అక్కడివాళ్లు తెల్లారకముందే బయల్దేరతారు. మనవాళ్ల ప్లానులో టిఫిను, గ్రూపు ఫొటో అయ్యాక తొమ్మిదింటికి. వాగు మీద పేరుకున్న మంచు పైకి రాయిలా కనిపిస్తుంది, అడుగున నీళ్లు దాన్ని తొలిచేసి ఉంటాయి. మధ్యాహ్నానికి మెత్తబడితే కాలు మోకాలి దాకా దిగబడుతుంది, గంట నడక మూడు గంటలవుతుంది. ఈ లెక్కలేవీ ప్లానులో లేవు. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం ఉన్నాయి, తలా రెండు పెట్టెలు.

పది వేల అడుగులు దాటాక, పడుకునే చోటి ఎత్తు రోజుకి పదిహేను వందల అడుగులకి మించి పెంచుకోకూడదంటారు వైద్యులు. గ్రూపులోని కొత్తపేట కుర్రాడికి ఆ బెంగ లేదు. రోజూ ఏటిగట్టు ఎక్కి దిగుతున్నాడట.

గైడు కనుమ కింద ఆపి ‘ఇవాళ వద్దు’ అన్నాడనుకోండి. పంటు ఆగితే నోరెత్తనివాళ్లే అక్కడ ‘డబ్బంతా కట్టేశాం, శనివారం రైలుంది’ అని తగువు పెట్టుకుంటారు. రెండ్రోజులు చేతిలో ఉంచుకోండర్రా, కనుమ తెరుచుకోకపోతే కింద లోయలోనే తిరిగి రండి అంటే, రాజోలు కుర్రాడు నన్ను జాలిగా చూశాడు.

“లోయలో తిరిగొచ్చామని ఎలా చెప్పుకుంటాం బాబాయ్? సెంటర్లో కట్టడానికి ఫ్లెక్సీ కొట్టించేశాం. శిఖరం మీద నుంచున్నట్టే వేశాడు.”