ఎంతొస్తే చాలు?

పార్సిప్పనీలో శనివారం పొద్దున తొమ్మిదింటికి మా తోడల్లుడి ఇంట్లో కుక్కర్ కూయకూడదు. మిక్సీ తిరగకూడదు. మా మరదలు గిన్నెలు కడగాలంటే పసిబిడ్డకి నీళ్ళు పోసినంత మెల్లగా కడగాలి. పిల్లలిద్దరూ బొమ్మలు సర్దుకుని మా ఇంటికి వలస వచ్చెయ్యాలి. కింద బేస్‌మెంట్‌లో వాళ్ళ నాన్న, ఎంబీఏ సీటు కోసం, జీమ్యాట్ మాక్ టెస్టు రాస్తున్నాడు. ఇది పదకొండోది. అసలు పరీక్ష ఇప్పటికి రెండుసార్లు రాశాడు. మొదటిసారి 615, రెండోసారి 655. రెండోది వచ్చినప్పుడు, రాసినవాళ్ళలో నూటికి దాదాపు తొంభై మంది నీకంటే కిందే ఉన్నారు కదా అని స్వీట్ల డబ్బా పట్టుకెళ్ళాను. డబ్బా తీసుకున్నాడు గానీ మొహం వేలాడేశాడు.

"చాలదన్నయ్యా."

"దేనికి చాలదయ్యా?"

పాపం, ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు. ఎంబీఏ ఎందుకు, ఏ స్కూల్లో, అయ్యాక ఏం చేస్తావు అని ఎప్పుడడిగినా "ముందు స్కోరు రానీ, తర్వాత చూద్దాం" అంటాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు స్కోరు 705.

సాధన మాత్రం తపస్సే. పరీక్ష హాల్లో తెల్లకాగితం ఇవ్వరు. పసుపురంగు మీద గళ్ళు గీసిన ప్లాస్టిక్ షీట్ల పుస్తకం, ఒక మార్కరు చేతికిస్తారు. అచ్చం అలాంటిదే ఒకటి తెప్పించుకుని, మార్కరు మూత ఒంటిచేత్తో తియ్యడం ప్రాక్టీసు చేస్తున్నాడు. మూడు సెక్షన్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. మూత దగ్గర ఒక్కో సెకను మిగిలినా నిమిషం కలిసొస్తుందని ఆయన లెక్క. ఎక్సెల్‌లో 14 కాలమ్‌ల తప్పుల చిట్టా ఒకటి నడుపుతున్నాడు. ఓసారి భుజం మీంచి తొంగి చూశాను. ఒక వరసలో: "రెండు పంపులు తొట్టి నింపే లెక్క. తప్పు. కారణం: తొందర. నివారణ: నిదానం." దాని కింది వరసలో: "లాభనష్టాలు. టైమైపోయింది. కారణం: నిదానం. నివారణ: తొందర."

ఈ జబ్బు అమెరికాలో అంటుకున్నది కాదు. ఆవకాయ జాడీతో పాటు సూట్‌కేసులో వచ్చింది. ఎంసెట్ ర్యాంకుని ఇంటిపేరులా మోసుకు తిరిగిన తరం మాది. పాతికేళ్ళ కిందటి ర్యాంకు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో బయటికొస్తుంది, అదీ గులాబ్‌జామ్‌కి ముందే. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐఐటీ కోచింగ్ నడిపే రోజుల్లో అందులో సీటుకి ఎంట్రన్స్ ఉండేది. ఆ ఎంట్రన్స్‌కి మళ్ళీ వేరే చోట కోచింగ్ ఉండేది. ఆయన చెప్పింది చదువే, కాదనను. దాన్ని మెట్లబావిగా మార్చింది మనం. ఎన్ని మెట్లు దిగినా ఇంకో మెట్టు కనిపించాలి మనకి. నీళ్ళు కనిపిస్తే కంగారు, ఇప్పుడు తాగాలి కాబట్టి.

అసలు ఈ పరీక్ష పుట్టింది కూడా మా న్యూజెర్సీ నీళ్ళలోనే. 1953లో తొమ్మిది బిజినెస్ స్కూళ్ళు కూడబలుక్కుని, అడ్మిషన్లకి ఒక ఉమ్మడి పరీక్ష కావాలనుకున్నాయి. దాన్ని తయారుచేసే పని, ప్రిన్స్‌టన్ పక్కనే ఉన్న ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ చేతిలో పెట్టాయి. మా ఇంటి నుంచి గంట ప్రయాణం. 1954లో మొదటి పరీక్ష జరిగింది. ఉద్దేశం మంచిదే. ఏ కాలేజీ మార్కులు ఏపాటివో తేల్చుకోలేని చోట అందరినీ ఒకే త్రాసులో తూచడం. మామయ్యలెవరూ వాల్‌స్ట్రీట్‌లో లేని తెనాలి కుర్రాడు కూడా, నాన్నా తాతా అదే స్కూల్లో చదివినవాడి పక్కన నిలబడగలిగాడంటే ఈ త్రాసు పుణ్యం కొంత ఉంది. అందుకని పరీక్ష మీద నాకు కోపం లేదు. నా కోపమంతా సరుకు వదిలేసి త్రాసుని తోముకుంటూ కూర్చునేవాళ్ళ మీద.

పోనీ ఆ త్రాసైనా స్థిరంగా ఉందా అంటే, రాళ్ళు మారుతూనే ఉన్నాయి. దశాబ్దాలపాటు 200 నుంచి 800 దాకా ఉన్న స్కోరు, 2023 నవంబర్‌లో కొత్త జీమ్యాట్ రాగానే 205 నుంచి 805 అయింది. ఇప్పుడు ప్రతి స్కోరూ 5తోనే ముగుస్తుంది. మనం చదివింపుల్లో నూట పదహార్లు రాయిస్తాం చూడండి, వాళ్ళూ ఏదో శుభానికి చివర 5 తగిలించినట్టున్నారు. చిక్కేమిటంటే కొత్త 645, పాత 700కి దాదాపు సమానం. ఇది తెనాలిలో వాళ్ళమ్మగారికి ఫోన్‌లో అర్థమయ్యేలా చెప్పడం ఏ క్వాంట్ ప్రశ్నకీ తీసిపోదు. "ఎదురింటాళ్ళబ్బాయికి పదేళ్ళ క్రితమే 720 వచ్చిందిరా. నువ్వు అమెరికాలో ఉండి కూడా 655 ఏమిటి?" అందావిడ. రూపాయి విలువ తగ్గిందని వింది గానీ మార్కు విలువ పెరగడం ఆవిడ వినలేదు. పైగా, పాత లెక్కలో ఒకే మనిషి స్కోరు ఓ 30 పాయింట్లు అటూ ఇటూ ఊగడం మామూలేనని పరీక్ష పెట్టేవాళ్ళే చెప్పుకున్నారు. అలా ఊగే త్రాసు మీద ఇంకాసిని పాయింట్ల కోసం మావాడు ఒక వేసవి, రెండు పుట్టినరోజులు, ఒక నయాగరా ట్రిప్పు ధారపోశాడు.

ఇక గురువులు. ఈ చదువులో ఒక వింత ఉంది. మంచి స్కోరు వచ్చినవాడు బిజినెస్ స్కూలుకి వెళ్ళేలోపే జగద్గురువైపోతాడు. సత్యనారాయణ వ్రతకథలో లాగా అందరి కథా ఒకటే. మొదట గర్వం, తర్వాత పతనం, తర్వాత ఒక పుస్తకం దొరకడం, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, చివరికి స్క్రీన్ మీద అంకె వెలగడం, కళ్ళ వెంట నీళ్ళు. కథ పూర్తికాగానే ప్రసాదం, అంటే కోర్సు అమ్మకం. ఒకాయన ప్రశ్న పూర్తిగా చదవమంటాడు. ఇంకొకాయన ఆప్షన్లు ముందు చూడమంటాడు. పరీక్షకి ముందురోజు పుస్తకం ముట్టుకోవద్దని ఒకరు, ముట్టుకోకపోతే చెయ్యి ఆగిపోతుందని మరొకరు. మావాడు ఇద్దరికీ డబ్బు కట్టాడు.

పరీక్ష కూడా మన మనస్తత్వం తెలిసి తయారుచేసినట్టే ఉంటుంది. సరైన జవాబు చెప్తే ఇంకా కష్టమైన ప్రశ్న ఇస్తుంది. తప్పితే సులువైంది ఇస్తుంది. అచ్చం ఆఫీసులో పనిచేసేవాడి బతుకు. అందుకని ఏదైనా ప్రశ్న తేలిగ్గా కనిపించిందా, మావాడి గుండెల్లో రాయి పడుతుంది. ముందుది తప్పి ఉంటుంది! తెలిసిన జవాబు చూసి ఏడవగలిగే జీవిని నేను ఇక్కడే చూశాను.

అన్నిట్లోకీ నాకు నచ్చిన ప్రశ్న ఒకటుంది. దాన్ని డేటా సఫిషియెన్సీ అంటారు. ఒక ప్రశ్న ఇచ్చి, కింద రెండు వాక్యాలు ఇస్తారు. లెక్క చెయ్యనక్కర్లేదు. చెయ్యడానికి ఆ సమాచారం చాలునా చాలదా అన్నది చెబితే చాలు. మొదటి వాక్యం ఒక్కటే చాలు. రెండోది ఒక్కటే చాలు. రెండూ కలిస్తేనే చాలు. ఏదో ఒకటి ఉన్నా చాలు. రెండూ కలిసినా చాలదు. ఇవే అయిదు ఆప్షన్లు. వడ్డించేటప్పుడు విస్తరి మీద అడ్డుపెట్టిన చెయ్యికి తప్ప "చాలు" అన్న మాట ఎరగని జాతికి ఇంతకంటే అగ్నిపరీక్ష ఏముంటుంది? చాలునని తెలిసిపోయాక కూడా మావాడు లెక్క చివరిదాకా చేసి, దశాంశం తర్వాత రెండంకెలు తేల్చి, టైమ్ పోగొట్టుకుని, చిట్టాలో "కారణం: నిదానం" అని రాసుకుంటాడు.

ఎక్కడ ఆగి నిర్ణయం తీసుకోవాలో తెలుసా అని పరీక్ష అడుగుతోంది. మావాడు ఎక్కడా ఆగలేక ఆ పరీక్షే మళ్ళీ మళ్ళీ రాస్తున్నాడు. రాయడానికి వందల డాలర్ల ఫీజు, రెండు ప్రయత్నాల మధ్య 16 రోజులు, ఏడాదికి అయిదుసార్లు. ఈ హద్దులు వాళ్ళు పెట్టారు కాబట్టి సరిపోయింది. మనకే వదిలేస్తే కార్తీక సోమవారాల్లాగా వారం వారం రాసేవాళ్ళం.

వెర్బల్‌లో క్రిటికల్ రీజనింగ్ అని ఇంకో రకం ఉంది. ఒక వాదన ఇచ్చి, అది పైకి చెప్పకుండా దేన్ని నమ్ముకుని నిలబడిందో పట్టుకోమంటారు. ఇందులో మావాడు దిట్ట. పక్కవాడి వాదనలో పునాది ఎక్కడ బోలుగా ఉందో ఒకటిన్నర నిమిషంలో చెప్పేస్తాడు. "స్కోరొస్తే పెద్ద స్కూలు, పెద్ద స్కూలైతే పెద్ద జీతం, పెద్ద జీతమైతే మనశ్శాంతి" అన్న తన వాదనకి మాత్రం టైమర్ పెట్టుకోలేదు. బిజినెస్ స్కూల్ మొదటి ఏడాది చదువు ఎంత బాగా సాగుతుందో అంచనా వెయ్యడానికి పనికొస్తుందని తప్ప, మనశ్శాంతి గురించి ఆ పరీక్ష పెట్టేవాళ్ళు కూడా ఏమీ చెప్పలేదు.

కోవిడ్ తర్వాత చాలా స్కూళ్ళు, ముఖ్యంగా ఉద్యోగం చేస్తూ చదువుకునే ఎంబీఏలకి, అనుభవం ఉన్నవాళ్ళని జీమ్యాట్ నుంచి మినహాయిస్తున్నాయి. మావాడికి పన్నెండేళ్ళ సర్వీసు. దగ్గర్లోని ఒక స్కూలు పరీక్ష అక్కర్లేదు, వచ్చి చేరమని ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం చదివి మావాడు కన్యాశుల్కం తిరగ్గొట్టినవాడిలా లేచాడు. "పరీక్ష లేకుండా సీటిచ్చేది ఒక స్కూలా అన్నయ్యా?"

ఇక్కడ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. విండమ్ హోటళ్ళ హెడ్డాఫీసు పార్సిప్పనీలోనే ఉంది. డేస్ ఇన్, సూపర్ 8 బోర్డులన్నీ వాళ్ళవే. బోర్డు వాళ్ళది గానీ మోటెల్ వేరేవాళ్ళది. ఈ దేశపు మోటెళ్ళలో సగానికి పైగా మన దేశంవాళ్ళ చేతుల్లో ఉన్నాయి, అందులోనూ గుజరాతీలే ఎక్కువ. ఏ పటేల్‌గారూ "ఖాళీ గదుల శాతం కనుక్కోవడానికి ఈ సమాచారం చాలునా?" అని అడగలేదు. కౌంటర్ వెనకే కాపురం పెట్టి, తాళాలు లెక్కపెట్టుకున్నాడు. మావాడు ఆ ఆఫీసు ముందు నుంచే రోజూ కారులో వెళ్తూ లాభనష్టాల లెక్కలు ఆడియోలో వింటాడు.

మొన్న మా మామగారు తెనాలి నుంచి వచ్చారు. నలభై ఏళ్ళు ఎరువుల కొట్టు నడిపిన మనిషి. రూట్ 10 పక్కన ఉన్న స్టిక్లీ మ్యూజియానికి తీసుకెళ్ళాం. గుస్తావ్ స్టిక్లీ అని చెక్క సామాను చేసిన మహానుభావుడు. మగపిల్లలకి చేతిపని, సేద్యం నేర్పే బడి పెడదామని 1908లో ఇక్కడ భూమి కొనడం మొదలుపెట్టాడు. దుంగలతో పెద్ద ఇల్లు కట్టాడు. బడి తెరవనేలేదు. 1915లో దివాలా తీశాడు. కుర్చీల మీద ఆయన ముద్ర ఇప్పటికీ ఉంది, "నాకు చేతనైనంత" అని అర్థం వచ్చే పాత డచ్చి మాటలు.

"చూశారా మామయ్యగారూ, ఎంబీఏ చెయ్యకపోతే ఇలాగే దివాలా" అన్నాడు మా తోడల్లుడు.

మామగారు కుర్చీ చెయ్యి నిమిరి చూసి ఊరుకున్నారు. తిరుగు ప్రయాణంలో కారెక్కాక అడిగారు. "అల్లుడుగారూ, మీ పరీక్షలో ఒక లెక్క చెప్పండి, విందాం."

మావాడికి ప్రాణం లేచొచ్చింది. ఆయనకి తగ్గట్టు మార్చి మరీ చెప్పాడు. "ఒక కొట్టువాడు ఒక రైతుకి ఎరువు అప్పిచ్చాడు. అప్పు తిరిగొస్తుందా? మొదటి వాక్యం, రైతుకి అయిదెకరాలుంది. రెండో వాక్యం, వడ్డీ నూటికి రెండు. చెప్పండి, చాలునా?"

మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగారు. "రైతెవరు?"

"లెక్కలో పేరివ్వరండీ."

"పేరు తెలియకుండా అప్పెవడిస్తాడు బాబూ?"

కారులో రేడియో తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక మావాడు ఆ లెక్కని చిట్టాలోకి ఎక్కించాడని మా మరదలు చెప్పింది. కారణం అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేశాడట.

ఇవాళ మళ్ళీ శనివారం. పన్నెండో మాక్ టెస్టు. పిల్లలు బొమ్మలతో సహా మా ఇంట్లో దిగారు. మా ఆవిడ పెనం మీంచి వేడివేడిగా దోసెలు వేస్తోంది. మూడోది అయ్యాక చిన్నాడు రెండు చేతులూ ప్లేటుకి అడ్డంపెట్టి "చాలు పెద్దమ్మా" అన్నాడు.

ఆ వంశంలో ఆ మాట మొదటిసారి విన్నాను. పొంగిపోయి మామగారి వైపు చూసేలోపే మా ఆవిడ ఇంకో దోసె వేసేసింది. "మూడు దోసెలేం చాలుతాయిరా?"