నోరు పారేసుకోవడం ఎలా: కొత్త క్లస్టర్ హెడ్‌లకు చిట్కాలు

ప్రమోషన్ వచ్చింది, సంతోషం. చేతి కింద పన్నెండు బ్రాంచీలు, నెత్తి మీద ఒక టార్గెట్. ఇక మీకు కావలసింది నోరు. బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షల్లో ఈ పేపరు లేదు కాబట్టి ఇది గురుముఖంగా నేర్చుకోవలసిన విద్య. మీ పాత క్లస్టర్ హెడ్ మిమ్మల్ని తిట్టినవే మీకు సిలబస్. అవెలాగూ కంఠతా వచ్చేసి ఉంటాయి. వాడే పద్ధతి మాత్రం కొంచెం తెలుసుకోవాలి.

ముందు టైము. పొద్దున పూట తిట్టి లాభం లేదు. "కౌంటర్లో కస్టమర్ ఉన్నారు సార్" అని మేనేజరు తప్పించుకుంటాడు. సాయంత్రం ఏడున్నరకి వీడియో కాల్ పెట్టండి. బాకీ వసూలు చేసే ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీదారుకు ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులో కట్టడి చేసింది. ఆ దయ అప్పున్నవాడి వరకే. మీ బ్రాంచి మేనేజరు బ్యాంకుకు బాకీ పడలేదు కాబట్టి అతనికి వర్తించదు. ఏడు దాటాక బాకీదారు నిశ్చింతగా అన్నం తింటుంటాడు. ఆ వేళకి మీకు దొరికేది మీ స్టాఫే.

అందరి చేతా కెమెరాలు ఆన్ చేయించండి. ఎక్సెల్ షీటు స్క్రీన్ మీద పెట్టండి. కాసా (కరెంట్, సేవింగ్స్ ఖాతాలు), గోల్డ్ లోన్, బీమా, క్రెడిట్ కార్డులు, ఎక్కడ సున్నా ఉంటే అక్కడ ఎర్రరంగు. మనిషిని పేరు పెట్టి పిలవొద్దు, ఊరి పేరుతో పిలవండి. "ఏం సత్తెనపల్లీ, ఏంటి కథ?" సత్తెనపల్లి అన్‌మ్యూట్ చేసుకుని, "సార్, రెండు కేసులు చేతిలో ఉన్నాయి సార్, రేపు తప్పకుండా..." అంటాడు. ఆ 'రేపు' దగ్గరే అందుకోవాలి. "ఏ రేపయ్యా? నిన్న చెప్పావే, ఆ రేపా? జీతం కూడా రేపు తీసుకుంటావా?" ఇక్కడిదాకా మామూలు చీవాట్లే. ఇవి అందరూ పెడతారు. ఇక్కణ్నుంచి గొంతు పెంచి, 'అయ్యా'ను 'రా' చేసి, తర్వాత అతని చదువు, చివరికి అతని అమ్మానాన్నలు. ఈ వరస తప్పకూడదు. మొదటే అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోతే నెలాఖరుకి మీ దగ్గర ఏమీ మిగలదు. మార్చి ఎండింగ్‌కి కొంచెం దాచుకోవాలి కదా.

మధ్యలో ఒక కిటికీలో ఎవరి పాపో హోంవర్క్ పుస్తకం పట్టుకుని నాన్న పక్కకి వచ్చి నిలబడుతుంది. ఆ మేనేజరు కెమెరా ఆపబోతాడు. ఆపనివ్వకండి. పాప వెళ్లేదాకా మీరు ఆగనూ వద్దు. ఆగితే మీ ఇంట్లోనూ ఒక పాప ఉందన్న సంగతి గుర్తొస్తుంది, ఊపు పోతుంది.

ఎవరిని తిట్టాలన్నది కూడా చూసుకోవాలి. యూనియన్‌లో తిరిగేవాణ్ని, వేరే చోట ఆఫర్ లెటర్ జేబులో పెట్టుకున్నవాణ్ని ముట్టుకోవద్దు. హోమ్ లోన్ ఈఎంఐ కడుతున్నవాడు, ప్రొబేషన్‌లో ఉన్న పిల్ల, కొత్తగా తండ్రి అయినవాడు శ్రేష్ఠం. టార్గెట్ కొట్టినవాణ్ని కూడా అప్పుడప్పుడు ఒకటి అనాలి. లేకపోతే తిట్లకీ నంబరుకీ సంబంధం ఉందనుకుంటారు.

ఇంతకీ తిడితే నంబరు వస్తుందా అని మీలో కొందరు మెత్తని మనుషులు అడుగుతారు. వస్తుంది, ఎందుకు రాదు? మర్నాడు పదకొండింటికి సత్తెనపల్లి బ్రాంచికి ఒకావిడ నాలుగు తులాల గాజులు తెస్తుంది. కొడుకు కాలేజీ ఫీజుకి ఆ రోజే గడువు. అప్రైజర్ గీటురాయి మీద గీసి, తూకం వేసి, లెక్క చెబుతాడు. ఫారాల మీద ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి సంతకాలు పెడుతుంటే మేనేజరు మధ్యలో ఇంకో కాయితం జరుపుతాడు. "ఇక్కడ కూడా ఒకటి పెట్టమ్మా, లోన్‌తో పాటు ఉండేదే." అది పదేళ్లు ప్రీమియం కట్టవలసిన బీమా పాలసీ. మొదటి ప్రీమియం పట్టుకుని మిగతా డబ్బు ఆవిడ చేతిలో పెడతారు. ఆ కాయితం జరిపేటప్పుడు మేనేజరు ఆవిడ మొహం చూడడు. రాత్రికి షీటులో సత్తెనపల్లి గడి పచ్చబడుతుంది. మీరు గ్రూపులో చప్పట్ల బొమ్మ పెడతారు. వారం తిరక్కుండా కొడుకు ఆ కాయితాలు చదివి, 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉందని తెలుసుకుని, పాలసీ వెనక్కి ఇచ్చేస్తాడు. నంబరు తగ్గుతుంది. అందుకు ఇంకోసారి తిట్టండి. ఒకే పాలసీకి రెండుసార్లు తిట్టే అవకాశం ఇంకే వ్యాపారంలో ఉంది?

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఈ విద్యలో చాలా దూరం వెళ్లింది. టార్గెట్ల ఒత్తిడికి సిబ్బంది కస్టమర్లు అడగని ఖాతాలు సుమారు 20 లక్షల దాకా తెరిచి ఉంటారని 2016లో తేలింది. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, దాదాపు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. వాళ్లలో ఎక్కువమంది కింది మెట్టు వాళ్లే. ధైర్యంగా ఉండండి.

మన దగ్గరా ఘనమైన చరిత్రే ఉంది. తిట్టు మీ దగ్గర ఆగిపోకూడదు, కిందికి పారాలి. మైక్రోఫైనాన్స్ వాళ్లకి ఇది బాగా తెలుసు. పైవాడు ఫీల్డ్ ఆఫీసర్ కుర్రాణ్ని అంటాడు, ఆ కుర్రాడు వెళ్లి వాయిదా కట్టలేని ఆడమనిషిని వాకిట్లో నిలబెట్టి అంటాడు. ఆ తిట్లు చివరికి చేరిన ఇళ్లలో ఏం జరిగిందో ఇలాంటి రచనలో రాయడానికి నాకు చెయ్యి రాదు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇళ్ల మీదికి వెళ్లొద్దు, వసూలు పంచాయతీ ఆఫీసు దగ్గరో, చెప్పిన బహిరంగ స్థలంలోనో చేసుకోండి అంది. దాంతో వసూళ్లు కుప్పకూలాయి. మీరు మాత్రం ప్రభుత్వం చెడగొట్టింది అని చెప్పండి.

ఇక చట్టం. సికింద్రాబాద్‌లోని ఒక కేంద్ర సంస్థలో డైరెక్టర్ తనను గట్టిగా మందలించారని ఒక ఉద్యోగిని పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో కొట్టేసింది. పని విషయంలో పై అధికారి మందలించడం ఐపీసీ 504 కింద నేరం కాదంది. ఈ తీర్పును ఫ్రేము కట్టించి క్యాబిన్‌లో వేలాడదీయండి, కానీ చదవకండి. చదివితే అది విధులకు సంబంధించిన మందలింపు గురించేనని, అమ్మానాన్నల ప్రస్తావన అందులో లేదని తెలిసి నిరుత్సాహపడతారు. కులం పేరెత్తితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, ఆడవాళ్లతో వెకిలిగా మాట్లాడితే 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉంది. ఈ రెండూ మినహాయిస్తే మీకు బోలెడు మైదానం.

లండన్ వాళ్లు ఇంత అదృష్టవంతులు కారు. కాంటర్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే బ్రోకింగ్ కంపెనీలో హార్కులక్ అనే పెద్ద ఉద్యోగి బాసు బూతులు భరించలేక 2000లో బయటికొచ్చి దావా వేశాడు. ట్రేడింగ్ ఫ్లోర్‌లో బూతులు మామూలే, ఒత్తిడి ఎక్కువ, పైగా జీతాలు చూడండి అని కంపెనీ వాదించింది. ఎన్నిసార్లు వాడినా బూతు శుభ్రపడదని 2003లో హైకోర్టు న్యాయమూర్తి తేల్చారు. 9 లక్షల పౌండ్లకు పైగా ఇమ్మన్నారు. అప్పీలులో ఆ లెక్కను మళ్లీ చూడమన్నారు గానీ తప్పు కంపెనీదే అన్న మాట నిలిచింది. అంటే బ్రోకింగ్ ఫ్లోర్‌లో ఒక్కో బూతు ఖరీదు ఎంత పడిందో లెక్క వేసుకోవచ్చు. మీ జోన్‌కి అంత బడ్జెట్ లేదు.

రాతపూర్వకంగా ఎప్పుడూ తిట్టకండి. 2010 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ కమిటీ ముందు గోల్డ్‌మన్ శాక్స్ పెద్దలు కూర్చున్నప్పుడు, తాము అమ్మిన సరుకునే వాళ్లు ఈమెయిల్‌లో బూతుమాటతో వర్ణించుకున్న సంగతిని సెనేటర్ లెవిన్ పదే పదే చదివారు. మీకేమనిపిస్తోంది అని అడిగితే కంపెనీ ఆర్థిక విభాగం అధిపతి, అది ఈమెయిల్‌లో ఉండటం చాలా దురదృష్టకరం అన్నాడు. సభలో నవ్వులు. అదే ఏడాది కంపెనీ మెయిళ్లలో బూతుల్ని నిషేధించింది. నోటి మీద నిషేధమేమీ లేదు.

నోటితో వచ్చిన చిక్కు ఏమిటంటే ఇప్పుడు ప్రతి ఫోనూ రికార్డు చేస్తోంది. 2023 జూన్‌లో కోల్‌కతాలో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి రోజుకు 75 బీమా పాలసీలు ఎందుకు అమ్మలేదని సిబ్బంది మీద విరుచుకుపడిన వీడియో దేశమంతా తిరిగింది. బ్యాంకు అతన్ని సస్పెండ్ చేసి, దుష్ప్రవర్తనను సహించేది లేదంది. మీకూ ఆ గతి పడితే ముందు బయటి శక్తుల మీద నెట్టాలి. సెబీ అధికారులు 2024 ఆగస్టులో ఆర్థికశాఖకు లేఖ రాసి, మీటింగుల్లో కేకలు, తిట్లు, అందరి ముందు అవమానాలు మామూలైపోయాయని మొరపెట్టుకుంటే, సెప్టెంబరు 4న సెబీ బయటివాళ్లు వీళ్లను తప్పుదోవ పట్టిస్తున్నారంది. 16న ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది. మార్కెట్టుకి క్రమశిక్షణ నేర్పే సంస్థకే పన్నెండు రోజులు దొరికాయి. మీకు రెండు దొరికినా చాలు.

సస్పెండ్ చేస్తే కంగారు పడొద్దు. ల్యాప్‌టాప్, కారు తాళాలు అప్పగించేటప్పుడు ఎక్సెల్ షీటు పాస్‌వర్డ్ కూడా చెప్పేయండి. ఇన్‌చార్జిగా వచ్చినాయనకి ఏడున్నరకల్లా అది కావాలి. టార్గెట్ ఎవరూ తగ్గించలేదు కదా.