గుణసంధి దొరికిన హంతకుడు

మెళ్లో గొలుసు తెంచుకుపోయినవాణ్ణి తెలుగు పత్రికలు ఏనాడూ ‘స్వర్ణోన్మాది’ అనలేదు. వాడు దొంగ, అంతే. కాలేజీ అమ్మాయి మీద కత్తి ఎత్తినవాడికి మాత్రం తెల్లారేసరికి ‘ప్రేమోన్మాది’ బిరుదు సిద్ధం. వ్యాకరణానికి వంక పెట్టలేం: గుణసంధి. నేరంలో సగం ప్రేమ ఖాతాలో, సగం పిచ్చి ఖాతాలో జమ. చేసినవాడి పేరిట బాకీ సున్నా.

2021 ఆగస్టు 15న గుంటూరులో బీటెక్ విద్యార్థినిని పట్టపగలు నడిరోడ్డు మీద పొడిచి చంపాడొకడు. ఇన్‌స్టాగ్రామ్ పరిచయం. 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. కోర్టుకు సంధులు రావు కాబోలు, హత్య అనే అంది.

ఈ ఉన్మాదం రాత్రికి రాత్రి పుట్టదు. దానికో అప్రెంటిస్‌షిప్ ఉంది, పేరు ‘పొసెసివ్’. రాత్రి పదకొండున్నరకు హాస్టల్ గదిలో వీడియో కాల్. ‘కెమెరా తిప్పు, రూమంతా చూపించు.’ తిప్పుతుంది. మంచం కింద బకెట్టు, తాడు మీద తడి చున్నీలు, పక్క మంచం మీద ముసుగుతన్నిన స్నేహితురాలు... తనిఖీ పూర్తి. పాస్‌వర్డ్ ఎప్పుడో అప్పగించింది. లైవ్ లొకేషన్ ఆగితే రభస. జబ్బ మీద కమిలితే మర్నాడు ఎండలో కూడా ఫుల్ హ్యాండ్సే. ‘నువ్వంటే పిచ్చే వాడికి’ అని ముసుగులోంచే ఓదారుస్తుంది స్నేహితురాలు.

2017లో ‘అర్జున్ రెడ్డి’లో సీనియర్ మెడికో జూనియర్ల క్లాసుకెళ్లి, నచ్చిన పిల్లను అడక్కుండానే, ఆమె తనదని చాటాడు. హాలంతా ఈలలు. దాని హిందీ రూపం మీద విమర్శలొస్తే, చెంపదెబ్బ కొట్టే చనువు కూడా లేనిచోట తనకు భావోద్వేగం కనబడదన్నట్టు 2019లో దర్శకుడే సెలవిచ్చాడు. ఆ లెక్కన మన క్యాంపస్‌లలో భావోద్వేగానికి కొదవ లేదు.

చట్టం సంగతా? 2005 నాటి గృహహింస చట్టానికి ఇద్దరూ ఒకే ఇంట కాపురమున్నట్టు కనబడాలి. చెరో హాస్టల్లో ఉంటే గృహమే లేదు, ఇక హింసెక్కడిది! వద్దన్నా వెంటపడటం, ఆన్‌లైన్ కదలికల మీద నిఘా పెట్టడం నేరమని మాత్రం 2013లో రాశారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్, తొలిసారి దొరికితే మూడేళ్ల దాకా జైలు. మన సినిమాల్లో దాన్నే ఇంటర్వెల్ ముందు భాగం అంటారు.

అమ్మానాన్నలకు చెబితే మొదట ఆగేది అతగాడి ఆగడం కాదు, తన చదువని ఆ హాస్టల్ పిల్లకు తెలుసు. అతగాడికీ తెలుసు. ఎనిమిదింటికి ఇంటి నుంచి ఫోనొస్తే ‘తిన్నానమ్మా, బానే ఉన్నా’ అంటుంది. పదకొండున్నరకు మళ్లీ కెమెరా తిప్పుతుంది.